బొబ్బిలి దండుకు రంగులు: ఒక్క బొమ్మ ముందా, మొత్తం దండు ముందా?

పర్లాకిమిడిలో ఒక ఇంట్లో జరిగిన వాదన ఇది. ఒకరు మావయ్య. ఏళ్ల తరబడి పిల్లలకు డ్రాయింగు నేర్పిన మనిషి. రెండోవారు ఆయన మేనకోడలు. బల్ల మీద ఆడే యుద్ధాల ఆటలంటే ఆ అమ్మాయికి ప్రాణం. ఆ ఆటకు 28 మిల్లీమీటర్ల సిపాయి బొమ్మలు కావాలి. బొమ్మలు రంగు లేకుండానే వస్తాయి. వాటికి రంగులు వేసుకోవడం, కాళ్ల కింద బిళ్లను నేలలా తయారు చేసుకోవడం ఆడేవాళ్ల పనే. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం సేన కలిసి బొబ్బిలి కోట మీద పడ్డ రోజును సెలవుల్లో బల్ల మీద ఆడించాలని ఆమె పట్టుదల. బొమ్మలు త్రీడీ ప్రింటర్‌లో రెసిన్‌తో తీయించుకుంది. పేచీ రంగుల దగ్గర వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక్క బొమ్మను బాగా వేయడం నేర్చుకోవాలా, దండు మొత్తాన్ని ఒకేసారి లాక్కురావాలా? ఇద్దరి మాటా విన్నాను. నాకు తోచింది అక్కడక్కడ చెబుతాను.

మావయ్య: ఇరవై బొమ్మలు వరసగా నిలబెట్టి అన్నిటికీ ఒకే రంగు పూసుకుంటూ పోతున్నావు. అది గోడకు సున్నం కొట్టినట్టుంటుంది గానీ బొమ్మ వేసినట్టుండదమ్మా. ముందు ఒకదాన్ని చేతిలోకి తీసుకో. ముఖం, తలపాగా, పంచె మడతలు చూసి వెయ్యి. అది కుదిరాకే రెండోది ముట్టుకో.

మేనకోడలు: ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నవాళ్లే మధ్యలో మానేస్తారు మావయ్యా. మొదటి బొమ్మ ఎవరికి నచ్చింది గనక? నచ్చేదాకా దాని మీదే వేస్తే పొర మీద పొర పడి కళ్లూ ముక్కూ పూడిపోతాయి. ఇరవై మందికీ వరసగా పంచెలు వేస్తే చివరి పంచె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే కుదురుతుంది. చేసిన తప్పు వెంటనే పక్క బొమ్మ మీద దిద్దుకోవచ్చు.

మావయ్య: కళ్లూ ముక్కూ పూడిపోవడానికి కారణం అది కాదు. సీసాలోంచి తీసిన రంగు తీసినట్టే పూస్తున్నావు. ఇదిగో, ఈ పాత పేపరు మీద ఒక గీత గియ్యి. కింద అక్షరాలు కనిపిస్తున్నాయా?

మేనకోడలు: లేదు. మొత్తం కప్పేసింది.

మావయ్య: అంటే చిక్కగా ఉంది. మొదటి పూతలో అక్షరాలు మసగ్గా కనిపించాలి. ఆరాక రెండో పూత వేస్తే మూసుకుపోవాలి. నీళ్లు చుక్క చుక్కగా కలుపు. కుంచె రంగులో ముంచాక పాత గుడ్డకు ఒకసారి అద్ది అప్పుడు బొమ్మ మీద పెట్టు. నంబరులో అన్నీ సున్నాలే ఉండే ఆ సన్నటి కుంచె కూడా పక్కన పెట్టెయ్. దానికి రంగు నిలవదు, కంటి దగ్గరికి వెళ్లేలోపే ఆరిపోతుంది. మొన బాగున్న ఒకటో నంబరు కుంచె చాలు, కన్ను కూడా దాంతోనే వెయ్యొచ్చు.

మేనకోడలు: అది ఒప్పుకుంటాను. డబ్బాలో తడి స్పాంజి వేసి పైన బటర్ పేపర్ పరిచి రంగు అక్కడే పెట్టుకుంటున్నాను. ఫ్యాను కింద కూడా ఆరిపోవడం లేదు. కానీ మీ పద్ధతిలో ప్రతి మడతకూ నీడ చేత్తో వేస్తూ కూర్చుంటే సంక్రాంతికి కూడా దండు లేవదు. దానికి వాష్ ఉంది. పల్చటి ముదురు రంగు. పూస్తే దానంతటదే పల్లాల్లోకి దిగి నీడ అవుతుంది. 2019లో గేమ్స్ వర్క్‌షాప్ అనే ఆటబొమ్మల కంపెనీ వాళ్లు కాంట్రాస్ట్ రంగులు తెచ్చాక ఇంకా సులువైంది. తెల్లటి పూత మీద ఒక్కసారి వేస్తే మిట్ట మీద లేతగా, పల్లంలో ముదురుగా నిలుస్తుంది.

మావయ్య: దానంతటదే దిగుతుంది, నిజమే. ఎక్కడికి దిగుతుందో నీ చేతిలో ఉందా? ఆ పంచె చూడు. మడతల్లో బాగానే ఉంది. తొడ మీద చదునుగా ఉన్న చోట మరక కట్టి, అంచు గోధుమ రంగు గీతలా ఆరింది.

మేనకోడలు: ఎక్కువ పూశాను కాబట్టి అలా అయింది. తడిగా ఉన్నప్పుడే శుభ్రమైన కుంచెతో చదును మీద మిగిలింది పీల్చేస్తే మరక కట్టదు. నీళ్లకు బదులు మీడియం, అంటే రంగు లేని పల్చన చేసే ద్రవం, కలిపితే ఇంకా నయం. వాష్ తప్పు కాదు మావయ్యా, పూసి వదిలేయడం తప్పు.

(ఈ మాట అందరూ రాసి పెట్టుకోవలసింది. కొత్తవాళ్ల బొమ్మలు మురికిగా కనిపించేది చాలావరకు వాష్ వల్ల కాదు, వాష్ వేశాక ఆగిపోవడం వల్ల. అది ఆరాక మొదటి రంగునే మళ్లీ మిట్టల మీద వేయాలి. అప్పుడే బట్టకు శుభ్రత వస్తుంది.)

మావయ్య: సరే, తెలుపు సంగతి చెప్పు. బొబ్బిలి వాళ్లంతా తెల్ల పంచెలని నువ్వే అన్నావు. అచ్చ తెలుపు పూసేశావు. ఇక దాని మీద వెలుగు ఎక్కడ చూపిస్తావు? తెలుపుకు మించిన తెలుపు ఎక్కడుంది?

మేనకోడలు: అందుకే కదా నీడ కోసం వాష్...

మావయ్య: ముందు కాస్త గోధుమ రంగు కలిపిన తెలుపు వెయ్యి. మాసిన బట్ట రంగు. దాని మీద లేత దంతపు రంగు, మడతల్లోకి పోకుండా. అచ్చ తెలుపు మోకాలి మీద, మడత అంచున మాత్రమే. అప్పుడు అది చూడ్డానికి తెల్ల బట్టే, కానీ దానికి ఒక ఆకారం ఉంటుంది.

మేనకోడలు: ఒంటి రంగు సంగతి కూడా మీరే చెప్పాలి. నేను చూసిన పాఠాలన్నీ తెల్లవాళ్ల ఒంటికే. వెలుగు కోసం తెలుపు కలపమంటారు. అలాగే కలిపితే మనవాళ్ల ముఖాల మీద బూడిద తేలింది.

మావయ్య: తేలుతుంది మరి. మన ఒంటి మీద పడే వెలుగులో తెల్లదనం తక్కువ, పసుపూ ఎరుపూ ఎక్కువ. ముదురు గోధుమలో కాస్త కావి కలిపి మొదటి పూత వెయ్యి. నీడకు నలుపు కలపకు, ముఖం చచ్చిపోతుంది. చిటికెడు ముదురు నీలమో ఊదానో కలుపు. వెలుగుకు పచ్చకావి, అంటే పసుపు మట్టి రంగు, ఆపైన రవ్వంత నారింజ. అదీ బుగ్గ ఎముక, ముక్కు దూలం, భుజం, వేళ్ల కణుపుల మీద మాత్రమే. కంటి తెలుపు పెట్టకపోయినా పర్వాలేదు, కనుగుంట నీడ చాలు. తెలుపు పెట్టావా, గుడ్లు ఉరిమినట్టు అవుతుంది.

మేనకోడలు: ఇదే నాకు కావాల్సింది. ఇప్పుడు చూడండి, ఇరవై మందికీ ఒకే ఒంటి రంగు వేస్తే దండులో ప్రాణం ఉండదు. మూడు ఛాయలు కలిపి పెట్టుకుని, ఒకడికి ముదురు, పక్కవాడికి చామనఛాయ, ఇంకొకడికి లేత అని పంచుతాను. ఒక్క బొమ్మ వేసుకుంటూ పోతే వారానికో ఛాయ కలుపుకోవాలి, ముందుదానితో కలవదు. దండుగా వేయడంలో ఉన్న లాభం ఇదే.

(రంగుల విద్యలో మావయ్యదే పైచేయి. పని నడిపించే తీరులో మాత్రం నా ఓటు అమ్మాయికే. ఒక్కొక్క బొమ్మకు అప్పటికప్పుడు కలిపిన రంగు మళ్లీ అదేలా రావడం ఎంత కష్టమో కలిపినవాళ్లకే తెలుసు.)

మావయ్య: నాకు ఇంకా ఒకటి నచ్చడం లేదు. నువ్వు వెలుగునూ నీడనూ మరీ పెంచేస్తున్నావు. మన ఊళ్లో పశువుల కొమ్ముతో చెక్కే కొంగ బొమ్మను తీసుకో. దానికి రంగే లేదు. నునుపు చేసిన కొమ్ము మీద కిటికీ వెలుతురు పడితే మెడ వంపు కనిపిస్తుంది. వస్తువు బాగుంటే వెలుతురు తన పని తను చేసుకుంటుంది.

మేనకోడలు: కొంగ మీ అరచేయంత ఉంటుంది, మెరుస్తుంది కూడా. వెలుతురు జారడానికి చోటుంది. ఈ సిపాయి ముఖం కందిగింజంత కూడా లేదు. దాని మీద గది వెలుతురు ఏ నీడా వేయదు. ముక్కు కింద నీడ నేను వేస్తేనే ఉంటుంది. పైగా మనం వీణ్ణి చూసేది బల్లకు ఇవతల నిలబడి, మూడడుగుల దూరం నుంచి. చేతిలో పెట్టుకుంటే గట్టిగా కనిపించే తేడా అక్కడికి వచ్చేసరికి మెత్తబడిపోతుంది. ఒక్కసారి లేచి ఇటు వచ్చి చూడండి.

మావయ్య: ...ఇక్కణ్ణుంచి నువ్వు వేసిందే ముఖంలా కనిపిస్తోంది. నేను వేసింది ఉత్త గోధుమ చుక్క. సరే, ఆ మాట ఒప్పుకున్నాను. నేల సంగతి మాత్రం ఒప్పుకోను. బొమ్మ పూర్తి కాకుండానే బిళ్లల మీద ఇసుక అంటిస్తూ కూర్చున్నావేంటి? నేల చివర్లో చూసుకోవచ్చు.

మేనకోడలు: చివర్లో అంటిస్తే జిగురు పాదాలకు అంటుతుంది. ముందే అంటిస్తే బొమ్మతో పాటు ఇసుకకూ ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే పూత, పడుతుంది. నేలకు డ్రై బ్రష్ చేసేటప్పుడు పాదాల మీద పడ్డ రంగు, తరవాత పాదాలు వేసేటప్పుడు కప్పుకుపోతుంది.

మావయ్య: అంటే కుంచెకు రంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకు తుడిచేసి, మిగిలిన పొడితో గరుకు మీద రుద్దడం?

మేనకోడలు: అదే. అమ్మ వాడి పారేసిన పౌడర్ బ్రష్ దానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఇసుక మహేంద్రతనయ ఒడ్డుది. కడిగి, పెనం మీద వేయించి, టీ వడకట్టే జల్లెడలో జల్లించాను.

మావయ్య: గోపాల్‌పూర్ సముద్రం ఇసుక ఇంకా సన్నగా ఉంటుంది కదా.

మేనకోడలు: ఉప్పు ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా నాకు నమ్మకం లేదు. సన్నం ఎందుకంటే, ఈ బొమ్మ నిజం మనిషిలో సుమారు అరవయ్యో వంతు. ఒక మిల్లీమీటరు రేణువు ఇతని కాలి దగ్గర ఆరు సెంటీమీటర్ల రాయి. జల్లించని ఇసుక పోస్తే పాపం సిపాయి బండల గుట్ట మీద నిలబడ్డట్టే. జల్లెడలో మిగిలినవాటిని ఒకటో రెండో రాళ్లుగా పెడతాను.

మావయ్య: అంత నిజం ఇసుక తెచ్చి మళ్లీ దానికి రంగు పూస్తున్నావు! మట్టికి మట్టి రంగా?

మేనకోడలు: ముఖానికి వెలుగు చేత్తో పెట్టి, నేలను మాత్రం గది వెలుతురుకు వదిలేస్తే రెండూ ఒక చోటివి కావు మావయ్యా. మనిషికీ నేలకూ ఒకే చెయ్యి పడాలి. ముందు పల్చటి ఫెవికాల్ నీళ్లతో ఇసుకను గట్టిపరిచి, ముదురు కావి పూసి, దాని మీద ఎర్రమట్టి రంగు, పైపైన పచ్చకావి డ్రై బ్రష్. బొబ్బిలి వైపు నేల ఎరుపే కదా.

మావయ్య: అక్కడే దొరికావు. గోధుమ కాళ్లు, చెప్పులు కూడా లేవు, కింద ఎర్ర నేల. మోకాళ్ల కింద మనిషి మాయమైపోయాడు చూడు. నువ్వన్నావే మూడడుగుల దూరం, అక్కణ్ణుంచి చెప్పు, పాదాలు ఎక్కడున్నాయో.

మేనకోడలు: ...నిజమే. కనిపించడం లేదు.

మావయ్య: నేల అందంగా ఉంటే సరిపోదు. దాని మీద మనిషి నిలబడాలి. ఎర్ర నేల ఎర్రగానే ఉంచు, కానీ బాగా ఎండిన నేల చెయ్యి. చివరి పూతలో పచ్చకావికి తెలుపు కలిపి పాదాల చుట్టూ లేతగా రుద్దు. మడమ వెనక ఎండు గడ్డి పెట్టు, లేత పసుపుది. ముదురు పాదం దాని ముందు విడిగా తేలుతుంది.

మేనకోడలు: కొబ్బరి పీచు ఆరు మిల్లీమీటర్లకు కోసి కుచ్చులుగా గుచ్చితే సరిగ్గా ఎండు గడ్డి రంగే. గడ్డి మాత్రం రంగును కాపాడే మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టాకే. కొన్ని బిళ్లల మీద పుట్ట పెడదామని ఉంది, ఎంసీల్‌తో. ఒకదాని మీద తాటి మొద్దు. వాడిన టీ పొడి ఎండబెట్టి రాలిన ఆకుల్లా చల్లుతాను.

మావయ్య: టీ పొడి బాగా ఎండనీ, లేకపోతే బూజు పడుతుంది. పుట్టలు మూడు నాలుగు చాలు. ప్రతివాడి పక్కనా పుట్ట ఉంటే కోట చుట్టూ పుట్టలే కనిపిస్తాయి. ఆ బిళ్ల అంచు మీద కావి కారింది, తుడువు.

మేనకోడలు: అంచులన్నిటికీ చివర్లో ఒకే ముదురు గోధుమ వేస్తాను. అది ఒక్కటి శుభ్రంగా ఉంటే సగం పని అయిపోయినట్టే. మొదట్లో వేసిన ఆ వంకర ముఖాల బొమ్మలున్నాయి చూడండి, వాటికీ ఇదే నేల, ఇదే అంచు పెట్టాను. ఇప్పుడు వరసలో కలిసిపోయాయి.

(ఆ పాత బొమ్మలను వెతికి పట్టుకోవడానికి నాకే కాసేపు పట్టింది. నేర్చుకునేవాళ్లకు నేను ఇచ్చే మొదటి సలహా ఇదే: పాత బొమ్మల రంగు కడిగేసి మళ్లీ మొదలుపెట్టకండి, వాటి నేల బాగుచేయండి.)

మావయ్య: వార్నిష్ అన్నావు, బయట చూశావా? కొండ మీద ముసురు పట్టింది. ఈ తేమలో స్ప్రే కొడితే తెల్లగా పొగ కమ్ముతుంది. రెసిన్ బొమ్మలు సబ్బు నీళ్లతో కడిగావా?

మేనకోడలు: కడిగాను. ప్రైమర్ కూడా స్ప్రే వద్దనుకుని కుంచెతోనే పూశాను. వార్నిష్ ఎండ కాసే రోజు దాకా ఆపుతాను. కాదంటే అదీ కుంచెతోనే.

మావయ్య: అయితే దండు నీ పద్ధతిలోనే నడిపించు. తాండ్ర పాపారాయుణ్ణి మాత్రం వరసలో నిలబెట్టకు, అతను నాకు కావాలి. ముఖం, తలపాగా, కత్తి పిడి తీరిగ్గా వేస్తాను.

మేనకోడలు: ఎన్నాళ్లు?

మావయ్య: అడగొద్దు. అతని నేల మాత్రం నువ్వే చెయ్యి, మిగతావాళ్ల నేలతో కలవాలి. కాళ్ల దగ్గర లేతగా రుద్దడం మరిచిపోకు.

మేనకోడలు: అయితే మూడు ఒంటి ఛాయల్లో మధ్యదాన్ని బటర్ పేపర్ మీద మీకోసం ఉంచుతాను. దాంతోనే మొదలుపెట్టండి, లేకపోతే అతనొక్కడే వేరే ఊరివాడిలా ఉంటాడు.