ఫిడేలు గారికి, తమరి గోత్రం విషయమై

మహారాజశ్రీ ఫిడేలు గారికి,

విజయనగరం నుంచి ఒక పాత పరిచయస్తుడు నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. తమరు లోకమంతటా క్షేమంగా ఉన్నారని వింటూనే ఉన్నాం.

గారూ తమరూ అని మొదలుపెట్టాను గానీ చివరిదాకా నిలబెట్టుకోలేను. మా ఇళ్లలో నువ్వు చాప మీద కూర్చున్నవాడి ఛాతీకి ఒక కొస, కుడి చీలమండకు ఒక కొస ఆనించుకుని బతికినవాడివి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని జనం ‘ఫిడేలు నాయుడు గారు’ అన్నారంటే ఆయన ఇంటిపేరునే నువ్వు పక్కకు నెట్టేశావన్నమాట. ఇంత చనువున్నచోట నువ్వనే అంటాను.

ముందు ఒక క్షమాపణ. రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడని మావాళ్లు ప్రతి ఎన్నికల మీటింగులోనూ అంటుంటారు. అప్పటికి నువ్వు పుట్టడానికి ఇంకా దాదాపు 1500 ఏళ్లు ఉంది. నీ మీదున్న కేసుల్లో అదొక్కటే తప్పుడు కేసు. మిగతావాటి గురించే ఈ ఉత్తరం.

పోయిన ఆగస్టులో మా అబ్బాయి దగ్గరికి అమెరికాలోని షార్లెట్ ఊరికి వెళ్లినప్పుడు వాడు నన్ను వర్జీనియాలోని గేలాక్స్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ 1935 నుంచి ఏటా ఫిడేలు వాయించేవాళ్ల జాతర జరుగుతోంది. స్టేజి మీద పోటీలు ఒకపక్క నడుస్తుంటాయి గానీ అసలు సంగీతమంతా మైదానంలో, వాళ్ల వ్యాన్ల మధ్య, టెంట్ల కింద ఉంటుంది. మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన నిన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. తీసుకుంటుంటే నీ పొట్టలో ఏదో గలగలమంది. ఆయన దాన్ని పట్టించుకోకుండా బిరడాలు తిప్పడం మొదలుపెట్టాడు. బాగా కింది తీగను ఒక మెట్టు పైకి లాగాడు. దాని పక్క తీగనూ ఒక మెట్టు లాగాడు. పై రెండింటినీ ముట్టుకోలేదు. చెవి వంచి, కమానుతో రెండేసి తీగలు కలిపి రాస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అని బిరడా నొక్కుతూ, చివరికి తల ఊపాడు. స, ప, స, ప. కింది షడ్జమం, పంచమం, పై షడ్జమం, పంచమం. మా మేనకోడలు రోజూ సాయంత్రం కూర్చుని చేసుకునే శ్రుతి, అచ్చంగా అదే.

ఒళ్లు జలదరించింది. “వీళ్లకు మన శ్రుతి ఎవరు చెప్పార్రా?” అన్నాను మా అబ్బాయితో. “నాన్నా, ఇక్కడ కూడా మొదలుపెట్టకు” అన్నాడు వాడు. విమానం దగ్గర్నుంచి ప్లాస్టిక్ సర్జరీ దాకా అన్నీ మనవేనని వాట్సాప్‌లో పంపించే తండ్రులతో పిల్లలు పడే బాధ అది. నోరు మూసుకున్నాను.

నేను మూసుకున్నాను గానీ పెద్దాయన మూసుకోలేదు. అడక్కుండానే వంశవృక్షం విప్పాడు. వాళ్లు స్కాట్లండ్ నుంచి ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌కి, అక్కడినుంచి ఈ కొండలకి వచ్చారట. ఈ బాణీ వాళ్ల రక్తంలోనే ఉందట. ఇదంతా కెల్టిక్ సంగీతమట, రేడియోలో వచ్చే ‘కంట్రీ’ అనే అమెరికా పల్లెబాణీ పాటలకు తాతముత్తాత ఇదేనట. ఆయన చెబుతున్నంతసేపూ పక్క కుర్చీలో ఒకాయన బాంజో (డప్పుకు తీగలు బిగించినట్టుండే వాద్యం) మెల్లగా మీటుతూనే ఉన్నాడు. ఆ బాంజో ఎవరి తాలూకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నువ్వు కూడా ఏమీ ఎరగనట్టు ఆయన ఛాతీకి ఆనుకుని ఉండిపోయావు.

ఫిడేలూ, రక్తం సంగతి నువ్వు కదా మాట్లాడాల్సింది!

నువ్వు పుట్టింది ఉత్తర ఇటలీలో. పదహారో శతాబ్దంలో క్రెమోనా ఊళ్లో ఆండ్రియా అమాటీ వంటి పనివాళ్ల చేతుల్లో నీ ఒంటికి ఇప్పుడున్న తీరు వచ్చింది. ఆ లెక్కన నువ్వు స్కాట్లండ్‌కి ఇల్లరికం వెళ్లిన అల్లుడివి. ఇల్లరికపు అల్లుళ్లను మేమూ చూశాం. మొదటి ఏడాది పంక్తిలో చివర కూర్చుంటారు. పదో ఏడు వచ్చేసరికి ఊరి పెద్దల ముందు ‘మా వంశంలో’ అని అందుకుంటారు. నువ్వు కాస్త ఎక్కువ టైం తీసుకున్నావు, అంతే తేడా.

అక్కడ వైభోగం అనుభవించలేదని అనను. పెర్త్‌షైర్‌లో ఇన్వర్ అనే పల్లెటూరి నీల్ గావ్ (1727-1807) అథోల్ డ్యూకుల కొలువులో నిన్ను వాయిస్తుంటే జనం కాళ్లు నేల మీద నిలిచేవి కావట. కమాను పైకి తోసేటప్పుడు కూడా దెబ్బ బరువు తగ్గకపోవడం ఆయన ప్రత్యేకత. గళ్ల లాగు తొడుక్కుని నిన్ను పట్టుకుని కూర్చున్న ఆయన బొమ్మ కూడా ఉంది. నీల్ గావ్ దగ్గరికెళ్లి “అయ్యా, తమరు కెల్టిక్ కళాకారులు కదా” అంటే ఎవరితో మాట్లాడుతున్నావని అటూ ఇటూ చూసేవాడేమో. ఎడ్వర్డ్ లూయిడ్ అనే వెల్ష్ పండితుడు 1707లో ఐరిష్, వెల్ష్, బ్రెటన్ వంటి భాషలన్నిటినీ ఒక్క కుటుంబం కింద చేర్చి పెట్టిన పేరు అది. భాషలకు పెట్టిన ఇంటిపేరును సీడీలు అమ్మేవాళ్లు తరవాతెప్పుడో నీకు తగిలించారు. నువ్వూ కాదనలేదు.

నీకోసం చచ్చేముందు కూడా ఆరాటపడినవాళ్లున్నారు. 1700లో బాన్ఫ్ పట్నంలో జేమ్స్ మెక్‌ఫర్సన్ అనే దొంగను ఉరి తీశారు. ఉరికంబం కిందే నిన్ను వాయించి, “ఎవరైనా తీసుకుంటారా?” అని జనాన్ని అడిగాడనీ, ఒక్కడూ చెయ్యి చాపకపోతే విరగ్గొట్టి పారేశాడనీ కథ. ఆ ముక్కలివేనని న్యూటన్‌మోర్‌లో వాళ్ల వంశం మ్యూజియంలో పెట్టారు. విరగ్గొట్టినా వంశంలోంచి బయటపడలేదు నువ్వు.

తరవాత ఓడెక్కావు. 1717 మొదలుకొని అరవై ఏళ్లలో అల్‌స్టర్ నుంచి లక్ష మందికి పైగా ప్రెస్బిటేరియన్లు (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ వాళ్లు) కౌళ్లు కట్టలేక, మతం పేరుతో పెట్టే ఇబ్బందులు పడలేక అమెరికా వెళ్లారు. ఎక్కువమంది పెన్సిల్వేనియాలో దిగి, బళ్లబాట పట్టుకుని షెనాండోవా లోయ మీదుగా అప్పలాచియా కొండల్లోకి దిగబడ్డారు. వాళ్ల మూటల్లో నువ్వున్నావు, నీ బాణీలున్నాయి. అది నిజం, దాన్ని కాదనే ఉద్దేశం నాకు లేదు. రుజువులు కూడా బలే ఉన్నాయి. స్కాట్లండ్‌లో ‘లార్డ్ మెక్‌డొనాల్డ్ రీల్’ అని దొరగారి పేరు మీదున్న డాన్సు బాణీ ఆ కొండల్లో ‘లెదర్ బ్రిచెస్’ అయింది. అంటే తోలు లాగు. దొరగారు ఓడెక్కితే లాగు ఒక్కటే ఒడ్డుకు చేరింది. ‘మిస్ మెక్లౌడ్ రీల్’ అవతలి ఒడ్డుకు చేరాక ‘అంకుల్ జో’ అని కూడా అయింది. పెళ్లికాని పిల్లగా బయల్దేరిన మనిషి దిగేసరికి బాబాయి అయిపోయింది పాపం.

పేర్లే కాదు, ఊపు కూడా మారింది. కమాను ఒకచోట ఆగాల్సింది ఆగకుండా, దెబ్బ పడాల్సినచోట పడకుండా కాస్త ముందో వెనకో పడే ఆ ఊపు నీకెక్కడిదని అడిగితే మాత్రం ఇంటి కప్పుకేసి చూస్తావు.

నేను చెబుతాను. 18వ శతాబ్దపు వర్జీనియా పత్రికల్లో పారిపోయిన బానిసలను పట్టిస్తే బహుమానం ఇస్తామని ప్రకటనలు వేసేవారు. మనిషి ఎత్తు, ఒంటి మీది మచ్చలు, తొడుక్కున్న చొక్కా అన్నీ రాసి, కొన్నిట్లో చివర ‘ఫిడేలు వాయిస్తాడు’ అని చేర్చేవారు. దొరల ఇళ్లలో విందులకు రాత్రంతా నిన్ను వాయించింది ఆ చేతులే. 1841లో న్యూయార్క్ రాష్ట్రంలో సాలమన్ నార్థప్ అనే స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి మనిషికి ఇద్దరు వచ్చి, సర్కస్‌లో ఫిడేలు వాయించే పని ఇప్పిస్తామని చెప్పి వాషింగ్టన్ తీసుకెళ్లి, అక్కడ బానిసల వ్యాపారికి అమ్మేశారు. పన్నెండేళ్లు లూయిజియానా తోటల్లో మగ్గాడు. ఆ గాలానికి గుచ్చిన ఎర నువ్వే. వంశవృక్షం గీసేటప్పుడు ఈ కొమ్మ ఎందుకు కనబడదో నీకే తెలియాలి.

నీ చుట్టూ చేరిన సంబంధాల పేరయ్యలు కూడా తక్కువవాళ్లు కాదు. 1916-18 మధ్య సెసిల్ షార్ప్ అనే లండన్ పెద్దమనిషి సహాయకురాలు మాడ్ కార్పెలెస్‌ని వెంటపెట్టుకుని ఆ కొండలన్నీ తిరిగి పాటలు రాసుకున్నాడు. ఎండనక వాననక తిరిగాడు, మెచ్చుకోవాల్సిందే. ఆయనకు అక్కడ వినిపించింది ఇంగ్లిష్ పాట. స్కాట్లండ్ వాళ్లకి స్కాటిష్, డబ్లిన్ వాళ్లకి ఐరిష్ వినిపిస్తుంది. వెతకడానికి బయల్దేరినవాడి మూటలోనే దొరకాల్సిన వస్తువు ఉంటుంది. నాకు మన శ్రుతి వినిపించలేదూ?

హెన్రీ ఫోర్డ్ సంగతి వేరే. లోకాన్నంతా కారెక్కించిన మనిషికి డాన్సు మాత్రం గుర్రబ్బళ్ల కాలం నాటిదే కావాలి. జాజ్ వల్ల కుర్రకారు చెడిపోతున్నారని, దాని వెనక యూదులున్నారని తన పత్రికలో రాయించి, విరుగుడుగా 1920లలో నీకు పోటీలు పెట్టించాడు. నిన్ను మందుసీసాలో పోసి అమ్మాడన్నమాట. అప్పుడైనా ఒక తీగ తెంపుకోవాల్సింది.

అదే కాలంలో రికార్డు కంపెనీలు దక్షిణాది పాటనంతా రెండు కేటలాగులుగా చీల్చాయి. నల్లవాళ్లు పాడితే ‘రేస్’, తెల్లవాళ్లు పాడితే ‘హిల్‌బిల్లీ’. నిన్నగాక మొన్న ఒకే అరుగు మీద వాయించినవాళ్ల మధ్య గోడ కట్టారు. 1925లో నాష్‌విల్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ రేడియోలో, తరవాత గ్రాండ్ ఓల్ ఆప్రీ అని పేరుపడ్డ కంట్రీ పాటల కార్యక్రమం, 77 ఏళ్ల అంకుల్ జిమ్మీ థాంప్సన్ చేతిలో నీతోనే మొదలైంది. అందులో హార్మోనికాతో జనాన్ని ఊపేసిన డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుణ్ణి 1941లో తీసేశారు. ఆయన అదే ఊళ్లో బూట్లు పాలిష్ చేసుకుంటూ బతికాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చింది 2005లో, మనిషి పోయిన 23 ఏళ్లకు.

మిగతా బృందాన్ని చూడు. జారుడు చప్పుడు చేసే స్టీల్ గిటారు హవాయి నుంచి వచ్చింది. గొంతు విరిచి పాడే యోడెల్ ఆల్ప్స్ కొండలది. మాండొలిన్ మీ ఇటలీ చుట్టమే. బాంజో పూర్వీకులు పశ్చిమాఫ్రికాలో సొరకాయ బుర్రకు తోలు బిగించిన వాద్యాలు. ఇంటినిండా చుట్టాలే ఉన్నారు గానీ రేషన్ కార్డులో పేరు మాత్రం నీ ఒక్కడిదే.

అందరూ దాచారని అనకూడదు. కంట్రీలో ఒక శాఖ అయిన బ్లూగ్రాస్‌కు తండ్రి అనిపించుకున్న బిల్ మన్రో తన విద్య సగం ఫిడేలు వాయించే మేనమామ పెన్ వాండివర్ దగ్గరా, సగం ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి కళాకారుడి దగ్గరా అబ్బిందని ఒప్పుకున్నాడు. 2005లో ముగ్గురు నల్లజాతి కుర్రకారు నార్త్ కరొలైనాలోని మెబేన్ ఊళ్లో ఎనభై దాటిన జో థాంప్సన్ ఇంటికి నిన్ను నేర్చుకోవడానికి వెళ్లేవారు. ప్రతి గురువారం! వారం కూడా సరిగ్గా కుదిరింది.

ఇక బాంజో. నిన్ను చూసి అదీ చెడిపోయింది. 1840లలో మొహానికి నల్లరంగు పూసుకున్న తెల్లవాళ్లు దాన్ని పట్టుకుని సముద్రం దాటి ఐర్లండ్ దాకా వెళ్లారు. ఇప్పుడక్కడ, ముఖ్యంగా బార్నీ మెకెనా అనే ఐరిష్ బాంజో విద్వాంసుడి పుణ్యమా అని, నీ స్వరాలకే ఒక స్థాయి కింద శ్రుతి చేసుకుని నీ పక్కనే కూర్చుంటోంది. అదీ అచ్చమైన ఐరిష్ వాద్యమేనట. కొన్నాళ్లకి దానికీ గళ్ల లాగు కుట్టిస్తారు.

మీ పుట్టింటివాళ్లని చెప్పుకునే ఐరిష్ జనం ఏం చేస్తున్నారంటే, నాష్‌విల్ పాట కోసం వెర్రెత్తిపోతున్నారు. 2014లో డబ్లిన్‌లో అమెరికా కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఐదు కచేరీలు పెడితే 50 లక్షల జనాభా కూడా లేని దేశంలో 4 లక్షల టికెట్లు అమ్ముడుపోయాయి. మున్సిపాలిటీ మూడు రాత్రులకే పర్మిషన్ ఇస్తామంది. ఐదూ కావాలన్నాడు ఆయన. చివరికి ఒక్కటీ జరగలేదు. కూతుర్ని అత్తారింటికి పంపిన ఎనిమిదో తరంలో మనవడు వస్తే గుమ్మంలోనే పంచాయతీ పెట్టినట్టుంది. మళ్లీ 2022లో వచ్చి ఐదూ పాడి వెళ్లాడనుకో.

నా టెన్షన్ ఇది కూడా కాదు. నువ్వు పడమటికి ఓడెక్కినట్టే తూర్పుకూ ఎక్కావు. మద్రాసు సెయింట్ జార్జి కోట బ్యాండు వాయించే బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. అందులో బ్రిటిష్ రాజుగారి గీతం ‘సంతతం పాహి మాం’ అయింది. ఐరిష్ బాణీలూ ఉన్నాయి. ఆయన తమ్ముడు బాలుస్వామి తెల్లదొర దగ్గర నిన్ను నేర్చుకుని మా చాప మీద కూర్చోబెట్టారు. గేలాక్స్ పెద్దాయన లెక్కనే పోతే దీక్షితుల వారిని కూడా కెల్టిక్ శాఖలో వెయ్యాలి. ఆ మాట మా మేనకోడలి మాస్టారి ముందు అనే ధైర్యం నీకుంటే విజయనగరం రా.

నేను నిన్ను కోరేది చిన్న పని. వచ్చే ఆగస్టులో ఆ పెద్దాయన మళ్లీ ‘మా రక్తంలో’ అని అందుకోగానే ఒక్క బిరడా సడలించు. ఆయన తిట్టుకుంటూ శ్రుతి చేసుకునే ఆ రెండు నిమిషాలూ పక్క కుర్చీలో బాంజో వినిపిస్తుంది.

ఇట్లు,
నీ పాత పరిచయస్తుడు,
విజయనగరం

తా.క.: నీ పొట్టలో గలగలమన్నదేమిటని బయల్దేరేముందు అడిగాను. గిలక పాము తోక చివరి గిలకట. అది లోపల ఉంటే ఎలకలు, సాలీళ్లు దరిచేరవట, మోత కూడా బాగుంటుందట. ఇంటికొచ్చి చెప్పానో లేదో, మా మేనకోడలు తనకీ అలాంటిది కావాలని పేచీ పెట్టింది. మన నాగుపాముకు బుసే గానీ గిలక లేదమ్మా అన్నాను. పోనీ దిష్టికి నిమ్మకాయైనా వేద్దామంటే నీ కన్నంలోంచి దూరడం లేదు.