‘ఒక్క ఊరు మారితే ఒరిగేదేముంది’ అన్న మెసేజ్‌కి నా జవాబు

మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో డాబా మీద సోలార్ పెట్టించుకుందామన్న మాట రాగానే ఒకాయన ఫోన్ తీసి ఒక మెసేజ్ చదివారు. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నదిది: నాలుగు ఇళ్లవాళ్లు సోలార్ పెట్టుకున్నా, ఒక ఊరు తన అడవిని కాపాడుకున్నా భూమికి ఒరిగేదేమీ లేదు, అది ప్రభుత్వాలూ పెద్ద కంపెనీలూ చేయాల్సిన పని. ప్యానెల్ తయారీకి పట్టిన కరెంటును ఆ ప్యానెల్ జన్మలో తిరిగి ఇవ్వదు. గాలిమరలు పక్షుల్ని చంపుతాయి. ఎండా గాలీ లేనప్పుడు మళ్లీ డీజిలే గతి.

ఆయన చదవడం అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. చర్చ లిఫ్ట్ రిపేరు మీదికి వెళ్లిపోయింది. ఆ రోజు నా దగ్గరా జవాబు లేదు. అది మనసులో ఉండిపోయింది, అందుకే ఇప్పుడు ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

ముందు ప్యానెల్ సంగతి, ఎందుకంటే అది లెక్కతో తేలిపోతుంది. సిలికాన్‌ను శుద్ధి చేయడానికి చాలా వేడి కావాలి, ఆ మాట నిజమే. కానీ ఈనాటి ప్యానెల్ తన తయారీకి పట్టిన శక్తిని ఎండను బట్టి ఏడాది, ఏడాదిన్నరలో తిరిగి ఇచ్చేస్తుంది. ఎండ తక్కువగా ఉండే ఉత్తర ఐరోపాలో కూడా ఇంచుమించు అంతే. ప్యానెల్ పనిచేసేది పాతికేళ్లకు పైగా. బరువులో ముప్పాతిక వంతు దాకా ఉండేది మామూలు గాజు, చుట్టూ అల్యూమినియం ఫ్రేము. రెండూ కరిగించి మళ్లీ వాడుకునేవే. కాలం తీరిన ప్యానెళ్లను చెత్తకుప్పలో పడేస్తే మాత్రం తప్పకుండా సమస్యే. వెనక్కి తీసుకునే బాధ్యత ఎవరిదో కొనే రోజే అడగాలి.

పక్షుల విషయం కొట్టిపారేయను. గాలిమరల రెక్కలకు తగిలి గద్దలూ గబ్బిలాలూ చచ్చిపోతున్నాయి. అమెరికాలో పిల్లులు ఏటా కనీసం 130 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013లో ఒక అధ్యయనం అంచనా వేసింది, గాలిమరల లెక్క లక్షల్లోనే ఉంటుంది. అయినా ఈ పోలికతో తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. అరుదైన గద్దకు ఒక్క ప్రాణమైనా పెద్ద నష్టమే. నార్వేలోని స్మోలా దీవిలో నాలుగు గాలిమరలకు మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేసి చూశారు. అక్కడ పక్షుల మరణాలు 70 శాతం దాకా తగ్గాయి. చిన్న ప్రయోగమే, ఇంకా చాలాచోట్ల చేసి చూడాలి. మర ఎక్కడ పెట్టాలన్నది పక్షుల దారి తెలిసిన స్థానికులను అడిగి నిర్ణయిస్తే సగం గొడవ ముందే తీరుతుంది.

ఇక ఎండా గాలీ లేనప్పుడు డీజిలే గతి అన్న మాట. దీనికి స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న ఎగ్ అనే దీవిని చూపిస్తాను. జనాభా వంద చిల్లర. 1997లో ఆ దీవిని అక్కడివాళ్లే చందాలతో కొనుక్కున్నారు. బయటి గ్రిడ్ నుంచి తీగ లేదు కాబట్టి ఎవరింట్లో వాళ్లు డీజిల్ జనరేటర్ నడుపుకునేవాళ్లు. 2008 ఫిబ్రవరిలో సొంత గ్రిడ్ మొదలైంది. వాగుల మీద జల విద్యుత్తు, నాలుగు చిన్న గాలిమరలు, సోలార్ ప్యానెళ్లు, ఒక బ్యాటరీ గది. చలికాలంలో వానా గాలీ ఎక్కువ, వేసవిలో ఎండ ఎక్కువ. ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి అందుకుంటుంది. డీజిల్ జనరేటర్ ఇప్పటికీ ఉంది, అవసరం పడ్డప్పుడు మాత్రమే నడుస్తుంది.

నాకు బాగా నచ్చింది వాళ్లు పెట్టుకున్న నియమం. ఏ ఇల్లయినా ఒకే సమయంలో ఐదు కిలోవాట్లకు మించి వాడకూడదు, దాటితే ఆ ఇంటికి కరెంటు ఆగిపోతుంది. పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు అన్న తేడా లేదు. వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే కెటిల్ పెట్టేముందు మీటర్ వైపు ఒకసారి చూస్తారు. కరెంటు మిగిలితే అందరూ వాడుకునే హాలును వెచ్చబెట్టడానికి మళ్లిస్తారు. ఇది పైనుంచి వచ్చిన ఆర్డర్ కాదు, నలుగురూ కూర్చుని ఒప్పుకున్న కట్టుబాటు. అడవులు, చెరువులు, చేపల వేట వంటి ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని తరతరాలు కాపాడుకోగలరని అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రోమ్ దేశదేశాల ఉదాహరణలతో చూపించారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ ఇచ్చింది ఆ పనికే.

మిగిలింది అన్నిటికన్నా బలంగా వినిపించే మాట: ఇది మన పని కాదు, ప్రభుత్వాలదీ కంపెనీలదీ. ఇందులో సగం నిజం ఉంది. బొగ్గు ప్లాంట్లు మూయడం, పెద్ద గ్రిడ్లు వేయడం ఏ కాలనీ వల్లా కాదు. ‘కార్బన్ ఫుట్‌ప్రింట్’ (ఒక్కో మనిషి వల్ల గాలిలో కలిసే కార్బన్ లెక్క) అన్న మాటను 2000ల మధ్యలో జనంలోకి బాగా తీసుకెళ్లింది బీపీ అనే చమురు కంపెనీ ప్రచారమే. తప్పంతా నీ ఇంటి ఫ్యాన్‌దే అన్నట్టు మాట్లాడేవాళ్ల మీద నాకూ కోపమే. కానీ ఒక మనిషి ఒంటరిగా తనను తాను తిట్టుకోవడం వేరు, ఒక ఊరు కలిసి నిర్ణయం తీసుకోవడం వేరు. ఆ మెసేజ్ రెండిటినీ ఒకే గాటన కట్టేసింది.

జర్మనీలో షోనావ్ అనే చిన్న పట్టణం ఉంది. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత అక్కడ కొందరు తల్లిదండ్రులు పిల్లల గురించి భయపడి గుంపుగా చేరారు. మొదట కరెంటు పొదుపుతో మొదలుపెట్టారు. ఉన్న కంపెనీ సహకరించకపోయేసరికి పట్టణంలోని కరెంటు లైన్లనే కొనేద్దామనుకున్నారు. దానికోసం 1991లో ఒకసారి, 1996లో ఇంకోసారి ప్రజల ఓటుకు వెళ్లి రెండుసార్లూ గెలిచారు. కంపెనీ లైన్లకు ఎక్కువ ధర చెప్పింది, వీళ్లు చందాలు వేసుకున్నారు. 1997లో లైన్లు వాళ్ల చేతికి వచ్చాయి. పదకొండేళ్లు! ఇప్పుడు వాళ్ల సహకార సంఘం జర్మనీ అంతటా కరెంటు అమ్ముతోంది.

చిన్నవాళ్లు చేస్తే ఏం లాభం అంటే, సోలార్ ధర కూడా చూడాలి. 2010 నుంచి 2019 లోపు సోలార్ కరెంటు ఖర్చు 85 శాతం తగ్గిందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ చెప్పింది. ప్యానెళ్ల మొత్తం ఉత్పత్తి రెట్టింపైనప్పుడల్లా ధర ఐదో వంతు చొప్పున తగ్గుతూ వచ్చింది. బాగా ఖరీదుగా ఉన్న రోజుల్లో కొన్నది ఎవరు? 2012 నాటికి జర్మనీలోని పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యంలో దాదాపు సగం మామూలు పౌరులు, రైతుల చేతుల్లో ఉంది. అందుకు వీలు కల్పించిన చట్టం ప్రభుత్వానిది, డాబాలు జనానివి.

అడవి మాటకొస్తే, ఒడిశాలోని నియమగిరి. కొండను బాక్సైట్ కోసం తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 పల్లెలు సభ పెట్టుకున్నాయి. 12కు 12 వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ తవ్వకాన్ని తిరస్కరించింది. అక్కడ ప్రభుత్వం చేయాల్సిన పనిని ప్రభుత్వం చేత చేయించింది ఆ కొండ మీద బతికే డోంగ్రియా కొంధు ఆదివాసులే.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. లిఫ్టుకీ నీళ్ల మోటారుకీ కలిపి ఉన్న కామన్ మీటర్ బిల్లులు పన్నెండు నెలలవి తీసి ఫైల్లో పెట్టాను. వాటర్ ట్యాంకు నీడ పడితే ప్యానెల్ సరిగ్గా పనిచేయదు కదా, అందుకని నిన్న పొద్దున తొమ్మిదికీ సాయంత్రం నాలుక్కీ డాబా ఎక్కి నీడ అంచు వెంట సుద్దముక్కతో గీతలు గీసి వచ్చాను. సగానికి పైగా డాబా ఖాళీగా, ఎండలోనే ఉంది.