ఇంజిన్ దొరవారికి చలేస్తోంది

మా వీధిలో పొద్దున్నే ఆరింటికి గొంతు చించుకునే హక్కు ఇన్నాళ్ళూ కోడిపుంజుకీ, పాలబ్బాయి హారన్‌కీ మాత్రమే ఉండేది. ఈ మధ్య మా పెట్రోలు కారు కూడా ఆ హక్కు సంపాదించింది. తాళం తిప్పగానే, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరులో ముల్లు 1400 దగ్గర తిష్ఠ వేస్తుంది. అదే కారు మధ్యాహ్నం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఇరుక్కుంటే 750 దగ్గర నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. ఎదురింటి మేస్టారు ప్రహరీ మీంచి తొంగిచూసి, "ఏటండీ, ఎగరేస్తారా?" అని రోజూ అడుగుతున్నారు.

దీన్ని కోల్డ్ స్టార్ట్ అంటారట. కోల్డ్! మే నెల, శ్రీకాకుళం, ఫ్యాను కింద కూర్చున్నా బనీను వీపుకి అతుక్కుపోతోంది. అయినా దొరవారికి చలి. ఆయన లెక్కలో వేడి అంటే ఇంజిన్‌ని చల్లబరచడానికి లోపల తిరిగే ద్రవం, అంటే కూలెంటు, 90 డిగ్రీల చుట్టుపక్కలకు చేరడం. మనం ఉస్సురనే 30 డిగ్రీల ఉదయం ఆయనకి ఇంకా 60 డిగ్రీలు తక్కువ. అరసవల్లి సూర్యనారాయణస్వామికి ఇంత దగ్గర్లో ఉండి వేడి చాలలేదనే ధైర్యం ఇంకెవరికుంది?

సరే, ఏకసభ్య కమిషన్‌గా ఏర్పడి నేనే విచారణ జరిపాను. దొరవారి బాధలు నిజమే. పెట్రోలు ఆవిరైతేనే సరిగ్గా మండుతుంది. ఇంజిన్ లోపలి చల్లటి గోడలు తగిలితే సగం అక్కడే తడిగా అంటుకుపోతుంది. పెళ్ళికి యాభైమంది రావాలంటే నూరు శుభలేఖలు పంచినట్టు, అవసరానికి మించి పెట్రోలు పంపాలి. ఇంజిన్ ఆయిల్ రాత్రంతా చల్లారి చిక్కబడి ఉంటుంది. దాన్ని తోసుకుంటూ తిరగడానికి కూడా బలం కావాలి. ఆపైన సైలెన్సర్ దారిలో ఉండి పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్‌కీ ఇంకా నిద్ర మత్తు వదలదు. అది వేడెక్కేదాకా కారులోని కంప్యూటరు ముందే రాసిపెట్టుకున్న లెక్కతో పని కానిస్తుంది. ఫైలు తెరవకుండా సంతకం పెట్టే అధికారిని చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

అసలు గుట్టు మాత్రం పొగ దగ్గరుంది. పొగని శుభ్రం చేయడానికి కేటలిటిక్ కన్వర్టర్ అని ఒకటుంటుంది. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం. అంటే మా ఆవిడ మెడలో ఉన్నదానిలాంటి ఖరీదైన సరుకు కారు పొట్ట కింద బురదలో వేలాడుతోంది. (ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మీరూ చెప్పకండి.) ఇంత సరుకున్నా 250, 300 డిగ్రీల వేడి తగిలేదాకా అది పని మొదలెట్టదు. అందాకా పొగ పొగలాగే పోతుంది. అందుకని కంప్యూటరు ఒక ఎత్తు వేస్తుంది. ప్లగ్ దగ్గర నిప్పు కావాలనే కాస్త ఆలస్యంగా రాజేస్తుంది. అప్పుడు వేడి చక్రాలకి ఉపయోగపడకుండా నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. ఆ నష్టానికి ఇంజిన్ ఆగిపోకుండా గాలీ పెట్రోలూ పెంచి రేస్ చేస్తుంది. పని ఆలస్యం చేయడం, శక్తి వృథా చేయడం, హడావుడి పెంచడం: ఈ మూడూ కలిసి ఒక మంచిపనికి ఉపయోగపడిన ఆఫీసు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు.

ఇదంతా తెలిశాక పక్కింటాయన మీద జాలేసింది. ఆయన కారు స్టార్ట్ చేసి స్నానానికి వెళ్తాడు. పూజ కూడా అయ్యాక వస్తాడు. అంబాసిడర్‌కి చోక్ లాగిన కాలంలో ఆ మర్యాద చెల్లింది. ఇప్పటి బండికి అరనిమిషం చాలు. తర్వాత నెమ్మదిగా నడిపితేనే తొందరగా వేడెక్కుతుంది. బండి బాగా వేడెక్కాక కూడా ముల్లు దిగకపోతే అప్పుడు మెకానిక్‌కి చూపించాలి. ఎక్కడో గాలి లీకవుతూ ఉండొచ్చు, థ్రాటిల్‌కి మసి పట్టి ఉండొచ్చు, కూలెంటు సెన్సర్ అబద్ధం చెబుతూ ఉండొచ్చు.

ఈ నివేదిక మా బావమరిది ముందు పెట్టాను. సగంలోనే ఆవలించి, "అదేటీ కాదు బావా, స్లో స్క్రూ లూజయ్యింది. రెండు నిమిషాల పని" అని స్క్రూడ్రైవర్ పట్టుకుని బానెట్ ఎత్తాడు. పాత బళ్ళలో ఇంజిన్ వేగం సర్దే ఆ స్క్రూ ఈ కారుకి అసలు లేనే లేదు. అయినా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి అటు వంగి ఇటు వంగి వెతికాడు, ఒక పైపు నొక్కాడు, ఇంకోదాన్ని తట్టాడు. నేను మెట్ల మీద కూర్చుని ముల్లు చూడమని మా అబ్బాయికి చెప్పాను. 1400... 1200... 950... 750.

బావమరిది బానెట్ దించి చేతులు దులుపుకున్నాడు.

"సూసారా బావా, సెట్ చేసేసాను."