48 గంటల సంగతి తెలుగులో చెప్పండి

ఒడిశాలోని గంజాం తీరంలో గోపాలపూర్ నుంచి ఆంధ్ర సరిహద్దు దగ్గరి సోనాపూర్ దాకా మన తెలుగు మత్స్యకారుల పల్లెలున్నాయి. తెల్లవారుజామున వల లాగేవాళ్ల కాళ్లకు ఏదో ఒక రోజు ఓ ముద్ద తగలొచ్చు. నల్లగా, మైనంలా, పేడ కంపు కొడుతూ ఉంటుంది. విరిస్తే లోపల చిలక ముక్కుల్లాంటి పెంకులు కనిపిస్తాయి. అవి స్పెర్మ్ తిమింగలం మింగిన స్క్విడ్లనే మెత్తని సముద్రజీవుల ముక్కులు. అరగని ఆ ముక్కుల చుట్టూ పేగులో పేరుకునేదే అంబర్‌గ్రిస్. జనం తిమింగలం వాంతి అంటారు గానీ, వాంతి కాదది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నాని, ఎండకు ఎండితే కంపు పోయి కమ్మటి వాసన వస్తుంది. సెంటు ఒంటి మీద ఎక్కువసేపు నిలవడానికి దాన్ని కలిపేవారు.

ఫోన్లలో తిరిగే వీడియోలు దాని ధర కోట్లలో చెబుతాయి. జైలు సంగతి మాత్రం చెప్పవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దాన్ని దాచినా, అమ్మినా నేరమే. వన్యప్రాణికి సంబంధించిన వస్తువు చేతికొస్తే 48 గంటల్లోగా పోలీసులకో, అటవీ అధికారులకో తెలపాలని అదే చట్టం చెబుతోంది. ఈ గడువు సంగతి మన పల్లెల్లో ఎందరికి తెలుసు? పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

చట్టాన్ని సడలించమని మేం అడగడం లేదు. నూనె కోసం, అంబర్‌గ్రిస్ కోసం మనుషులు ఈ తిమింగలాలను తరాల తరబడి వేటాడారు. వ్యాపార వేటపై అంతర్జాతీయ నిషేధం 1986లో గానీ అమల్లోకి రాలేదు. అంబర్‌గ్రిస్ వాసననిచ్చే ఆంబ్రాక్స్ అనే పదార్థాన్ని 1950ల నుంచే క్లారీ సేజ్ అనే మొక్క సారంతో చేస్తున్నారు. సెంటుకు తిమింగలం అక్కర్లేదు.

మా బాధంతా ఒడ్డున నిలబడ్డ మనిషి గురించే. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే దాకా చేపల వేటపై ఆంక్షలు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరమంతా మరపడవల వేట బంద్. ఇంట్లో బియ్యం నిండుకున్న వేళ ఆ ముద్ద దొరికితే, దళారీ మాట ముందు చెవికెక్కుతుంది. రేపు పట్టుబడేది మాత్రం ఆ ముద్ద మోసినవాడు.

అటవీ శాఖ ఒడ్డున పడవలు ఆగే ప్రతిచోటా తెలుగులోనూ బోర్డు పెట్టాలి. ముద్ద ఎలా ఉంటుందో బొమ్మ, ఫోన్ చేయాల్సిన నంబరు, 48 గంటల గడువు అందులో ఉండాలి. తెచ్చి ఇచ్చినవాడిని నిందితుడిలా కూర్చోబెట్టకుండా చేతికి రసీదు ఇచ్చి పంపాలి. వచ్చే ఏప్రిల్ 15 లోగా ఇది జరగాలి.