సవరణ: గండిపేటకు గండి పడలేదు

హైదరాబాద్ శివారులోని గండిపేటకు, చెరువుకు గండి పడటం వల్లే ఆ పేరొచ్చిందని మొన్న రాశాను. తప్పు. ఆ ఊరి పేరు జలాశయం కంటే ముందు నుంచే ఉంది. కట్ట మాత్రం 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ అంత ముప్పు రాకుండా కట్టి 1920లో పూర్తిచేసింది. వరద ఆపే కట్టకు గండి పేరు అంటుకోవడం ఇప్పటికీ నాకు నవ్వొచ్చే విషయమే, దాన్ని వెనక్కి తీసుకోను.

రెండో తప్పు ఇంకా ఘోరం. గండిపేట, ఉస్మాన్ సాగర్ రెండు వేర్వేరు చెరువులన్నాను. రెండూ ఒకటే. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు కాగితాల మీదే మిగిలింది. కట్ట దగ్గర కంకులు కాల్చే అవ్వను ఉస్మాన్ సాగర్ ఏదని అడిగితే, విసనకర్ర ఆపకుండానే, "అదెక్కడుంది బిడ్డా? ఇది గండిపేట" అంది. నిప్పురవ్వలు నా చొక్కా మీదే పడ్డాయి.

దాని జంట జలాశయం హిమాయత్ సాగర్ కూడా మూసీ మీదే ఉందన్నాను. కాదు, అది ఈసా నది మీద ఉంది. 1927లో పూర్తయింది, నిజాం పెద్ద కొడుకు పేరు. తండ్రికో నది, కొడుక్కో నది. రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర కలిసిపోతాయి.