జెట్ నంబర్ చెప్పను, ఏమనుకోవద్దు

"అన్నా, 28 పీడబ్ల్యుకే వేశాను. మెయిన్ జెట్ ఎంత పెట్టాలి?"

అనంతపురం, తాడిపత్రి, గుత్తి... టూ స్ట్రోక్ బండికి గుండీల టైర్లు వేసుకుని గుట్టలెక్కే ప్రతి పిల్లోడూ అడిగేది ఇదే. నా ఇన్‌బాక్స్ నిండా ఇదే ప్రశ్న. (పీడబ్ల్యుకే అంటే కీహిన్ కంపెనీ కార్బొరేటర్, 28 అనేది దాని గొంతు మిల్లీమీటర్లలో. మెయిన్ జెట్ అంటే అందులో పెట్రోల్ కొలిచి వదిలే చిన్న ఇత్తడి ముక్క.) చెప్పనందుకు కొందరికి కోపం కూడా వస్తోంది. "అంత సీక్రెట్టా అన్నా?" అన్నాడు మొన్న ఒక తమ్ముడు. సీక్రెట్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు నాయనా. నా బండిలో ఉన్న నంబర్ నీ బండికి పనికిరాదు. నా మాట నమ్మి నువ్వు పిస్టన్ సీజ్ చేసుకుంటే, అంటే అది కాలి బిగుసుకుపోతే, ఆ పాపం నాకెందుకు?

నీ బండికి సైలెన్సర్ ఏది? పోర్టులు (సిలిండర్‌లో గాలి, పొగ పోయే దారులు) ఫైల్ చేయించావా? ఫిల్టర్ పెట్టె ఉందా, పీకేసి ఫోమ్ ఫిల్టర్ తగిలించావా? ఆయిల్ పంపు ఉందా, పెట్రోల్లోనే కలుపుతున్నావా? ఇందులో ఏ ఒక్కటి మారినా జెట్ మారుతుంది. పైగా మికుని (ఇదీ కార్బొరేటర్ కంపెనీయే) 120, కీహిన్ 120 ఒకటి కాదు. కొలిచే పద్ధతే వేరు. ఒకడు మికుని నంబర్ చెప్తాడు, ఇంకొకడు అదే నంబర్ కీహిన్‌లో కొని బిగిస్తాడు, బండి పొగ కక్కుతుంటే "ఆ అన్న చెప్పింది తప్పు" అంటాడు.

ఇక నకిలీల సంగతి. మన చేతికొచ్చే కార్బొరేటర్లలో చాలా వాటిమీద కీహిన్ అని అచ్చు మాత్రమే ఉంటుంది. నీడిల్ (థ్రాటిల్‌తోపాటు పైకీ కిందికీ కదిలే సన్న సూది) బయటికి తీసి వెలుతురులో పెట్టి చూడండి. అసలు దానిమీద సన్నగా అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. కొన్ని నకిలీలకు ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. దాని సన్నం ఎంతో, ఎక్కడ మొదలవుతుందో తయారుచేసినవాడికే తెలియాలి. జెట్టు మీద 115 అని ఉంటుంది, రంధ్రం మాత్రం ఇంకో కొలతలో ఉంటుంది. అసలు జెట్ల సెట్టు ఒకటి కొనండి. కార్బొరేటర్ నకిలీదైనా పర్వాలేదు కానీ, జెట్లు నకిలీవైతే మీరు చేసేది ట్యూనింగ్ కాదు, లాటరీ.

వీటన్నిటికంటే నాకు ఒళ్లు మండేది క్లచ్ కేబుల్ పోగుతో జెట్టును పొడిచే షెడ్డు వైద్యం. "కొంచెం వెడల్పు చేశానన్నా, పికప్ చూడు" అంటారు. ఇత్తడి అది, మెత్తగా ఉంటుంది. ఒకసారి గీత పడ్డాక దానిమీదున్న నంబర్‌కు అర్థం లేదు. వంద రూపాయల దగ్గర కక్కుర్తిపడి, తర్వాత సిలిండర్ బోరు కొట్టించడానికీ కొత్త పిస్టన్‌కూ వేలకు వేలు పోస్తారు.

పికప్ అన్నాం కాబట్టి ఇది వినండి. గాలికి సరిపడా పెట్రోల్ అందకపోతే లీన్, పెట్రోల్ ఎక్కువైతే రిచ్. టూ స్ట్రోక్ లీన్ అయ్యేకొద్దీ కొంతదూరం దాకా బండి భలే ఉంటుంది. శబ్దం పదునుగా, యాక్సిలరేటర్ తిప్పగానే చెయ్యి లాగేసేలా. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అంటారు చూడండి, సరిగ్గా అదే. షెడ్డు ముందు రేజ్ చేసి చూపిస్తే అందరూ చప్పట్లు కొడతారు. ఆ బండే తాడిపత్రి రోడ్డుమీద నాలుగో గేరులో ఫుల్లుగా సాగి, ఒక్కసారి చెయ్యి వదలగానే వెనక చక్రం బిగుసుకుంటుంది. ఇంజన్ అప్పటికే కాలిపోతూ ఉంటుంది. థ్రాటిల్ మూసేసరికి పెట్రోల్ ఆగుతుంది, పెట్రోల్లో కలిపినవాళ్లకైతే ఆయిల్ కూడా దానితోపాటే ఆగుతుంది. తిరిగేది మాత్రం అదే వేగంతో తిరుగుతుంటుంది. హెడ్డూ సిలిండరూ విప్పి చూస్తే సైలెన్సర్ వైపు పిస్టన్ మీద నిలువుగా గీతలు, బోరుకు పూసుకుపోయిన అల్యూమినియం. అప్పుడు "ఆయిల్ మంచిది కాదన్నా" అంటారు. పాపం ఆయిల్ ఏం చేసింది?

ఆయిల్ అంటే గుర్తొచ్చింది. "ఎండాకాలం కదా, టూటీ ఆయిల్ ఇంకొంచెం ఎక్కువ పోస్తే రిచ్ అవుతుంది" అనే మాట ఈ జిల్లాలో ఎవరు పుట్టించారో కానీ, తిరగేసి చెప్పారు. 40:1 అంటే లీటరుకు 25 మిల్లీ. దాన్ని 30:1 చేస్తే సుమారు 33 మిల్లీ. జెట్టు రంధ్రం అంతే ఉంది, అందులోంచి వెళ్లేదాంట్లో ఆయిల్ వాటా పెరిగింది, అంటే పెట్రోల్ తగ్గింది. గాలితో పోలిస్తే మంట లీన్ అయింది. పొగ ఎక్కువ కనిపిస్తే రిచ్ అనుకోవడం కళ్లు చేసే మోసం. ఒక పాళ్లు అనుకుని దానికే కట్టుబడి, ఆ పాళ్లకు జెట్టు సరిచూసుకోండి. వారానికోసారి మార్చకండి.

మన ఎండ గురించి కూడా ఇలాగే తిరగేసి నమ్ముతారు. మే మధ్యాహ్నం 43 డిగ్రీల్లో గాలి పల్చగా ఉంటుంది. డిసెంబర్ పొద్దున 16 డిగ్రీల్లో అదే గాలి సుమారు తొమ్మిది శాతం చిక్కబడుతుంది. అంటే మండుటెండలో చక్కగా కుదిర్చిన బండి చలికాలం పొద్దున్నే లీన్ అయిపోతుంది. ఎండలో గాలికి చల్లబడే ఇంజన్‌కు వేడి కష్టం వేరే ఉంది, అది కాదనను. కానీ జెట్టు విషయంలో భయపడాల్సింది డిసెంబర్ ఆరు గంటలకు. చలిలో బండి "భలే పోతుందన్నా ఈరోజు" అనిపిస్తే సంతోషపడకుండా ఒకసారి ప్లగ్గు విప్పి చూడండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి చాలు, కాబట్టి పాత పెట్రోల్‌కు కుదిర్చిన జెట్టు దీనికి లీన్ పడుతుంది. ఐదారేళ్ల కిందటి వీడియోలో చెప్పిన నంబర్ పట్టుకుని వేలాడేవాళ్లు ఇది మర్చిపోతున్నారు. పాత రబ్బర్లకు కూడా ఇది పడదు. మనవాళ్లు ఎక్కువగా వాడే యమహా ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. ఆ కాలంనాటి మానిఫోల్డ్ రబ్బరు (కార్బొరేటర్‌ను ఇంజన్‌కు కలిపేది) ఇంకా బండికే ఉంటే, దాన్ని వంచి చూడండి, లోపల జుట్టంత సన్నగా పగుళ్లు కనిపిస్తాయి. గాలి అక్కడినుంచే దొంగతనంగా ఇంజన్ లోపలికి పోతుంది. రేజ్ చేసి వదిలాక శబ్దం వెంటనే కిందికి దిగకుండా పైనే వేలాడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. బండి స్టార్ట్‌లో ఉంచి ఆ రబ్బరు చుట్టూ కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి (వేడి సైలెన్సర్ మీద పడకుండా, దయచేసి). శబ్దం మారిందా, లీకు దొరికినట్టే. మాగ్నెట్ వైపు క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి పోకుండా ఆపేది) పోయినా ఇదే రోగం. లీకు పెట్టుకుని జెట్టు మారుస్తూ కూర్చుంటే జీవితాంతం మారుస్తూనే ఉంటారు.

అసలు ఈ మెయిన్ జెట్ పిచ్చి ఎందుకో నాకు అర్థం కాదు. మెయిన్ జెట్ గట్టిగా పనిచేసేది ముప్పావు థ్రాటిల్ దాటాకే. మనం తిరిగేది ఎక్కడ? రాళ్ల గుట్టలు, వేరుశనగ చేల గట్లు, వంకలు. ఫుల్లుగా తిప్పేది ఎంతసేపు? హ్యాండిల్ గ్రిప్పు మీద తెల్ల టేపు ముక్క అంటించి, పక్కన స్విచ్చుల పెట్టె మీద పావు, సగం, ముప్పావుకు పెన్నుతో గీతలు పెట్టి ఒక సాయంత్రం తిరగండి. ఎక్కువసేపు పావుకూ సగానికీ మధ్యే ఉంటారు. అక్కడ రాజ్యం నీడిల్‌ది. క్లిప్పు ఒక గాడి కిందికి వేస్తే నీడిల్ పైకి లేచి రిచ్, పైకి వేస్తే లీన్. ఖర్చు లేని పని, ఎవరూ ముట్టుకోరు.

అంతకన్నా కింద, ఐడిల్ నుంచి కొంచెం తిప్పేదాకా పైలట్ జెట్టూ ఎయిర్ స్క్రూ చూసుకుంటాయి. ఇంజన్ బాగా వేడెక్కాక స్క్రూ మెల్లగా తిప్పుతూ శబ్దం ఎక్కడ బాగా పైకి లేస్తుందో అక్కడ ఆపండి. పీడబ్ల్యుకేలో బయటికి తిప్పితే లీన్. పూర్తిగా మూసినచోటు నుంచి ఒక చుట్టులోపే బాగుందంటే పైలట్ చిన్నది, రెండున్నర చుట్లు దాటినా తృప్తి లేదంటే పెద్దది. ఒక్కసారిగా తిప్పినప్పుడు బండి గుటక మింగినట్టు ఆగుతుంటే చోక్ కొంచెం లాగి చూడండి. బాగుపడితే లీన్, ఇంకా చెడితే రిచ్. ఇంత సులువైన పరీక్ష ఉండగా నన్నెందుకు అడుగుతారు?

మెయిన్ జెట్ దగ్గర మాత్రం పెద్దది వేసి మొదలుపెట్టి కిందికి దిగండి, చిన్నదానితో మొదలుపెట్టొద్దు. పెన్నా ఇసుకలో తిరిగే అలవాటుంటే ఇంకో సైజు పైనే ఉంచండి. తాడిపత్రి దగ్గర ఎండిన ఏట్లో ఇసుక చక్రాన్ని పట్టి లాగుతుంటే బండి ఫుల్ థ్రాటిల్ మీదే మూలుగుతుంది. రోడ్డుమీద సరిపోయిన జెట్టు అక్కడ సరిపోదు.

ఇంకో మాట, కంపెనీ ఇచ్చిన పోర్టులే ఉన్న 98 సీసీ ఆర్ఎక్స్ ఇంజన్‌కు 28 ఎందుకు? గొంతు పెద్దదైతే కింద రేజుల్లో గాలి వేగం తగ్గుతుంది, జెట్టులోంచి పెట్రోల్ సరిగ్గా లాగదు. గుట్ట మొదట్లో గుటకలేసే బండ్లలో సగం ఈ బాపతే. ఆ ఇంజన్‌తో వచ్చిన మికుని ఒకటి శుభ్రం చేసి వేస్తే ఇంకా బాగా ఎక్కుతుంది. ఈ మాట అంటే ఎవరికీ నచ్చదని నాకు తెలుసు, పెద్ద కార్బొరేటర్ ఫోటోకు బాగుంటుంది మరి.

సరే, ఇంత చెప్పాక కూడా అడుగుతారు. అడగండి, కానీ నంబర్ కాదు. థ్రాటిల్ ఏ గీత దగ్గర తేడా వస్తోంది, ఆ పూట ఎండ ఎంత, ఆయిల్ పాళ్లు ఎంత, ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్లు బయట ఉంది, ఇవి రాసి పంపండి. ప్లగ్గు ఫోటో పంపేవాళ్లు కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ దారిలో మూడో గేరులో ఫుల్లుగా లాగి, అక్కడే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి విప్పండి. ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఇంటికొచ్చి, టీ తాగి, నింపాదిగా విప్పిన నల్ల ప్లగ్గు ఫోటో పంపితే మాత్రం బ్లాక్ చేస్తా.