పెంటపురుగుకి శాలువా

మొన్న వైశాఖ పౌర్ణమికి బుద్ధుడి మీద ఉపన్యాసం ఉందంటే వెళ్లాను. వెళ్లాక తెలిసింది అది సన్మాన సభ అని. బుద్ధుడు ఫ్లెక్సీలో కింది మూలకి ఉన్నాడు, పైనంతా దాతల ముఖాలు.

పాళీ భాషలో ఉన్న బుద్ధుడి ఉపదేశాల సంపుటం సంయుత్త నికాయంలో లాభసక్కార సంయుత్తం అని ఒక భాగం ఉంది. 43 చిన్న సుత్తాలు, అంటే ఉపదేశాలు, అన్నిటిదీ ఒకటే గోల: లాభం, సన్మానం, పొగడ్త, ఈ మూడూ దారుణమైనవి, జాగ్రత్తరా నాయనా అని. అందులో ఒక పెంటపురుగు వస్తుంది. పెంటే దాని తిండి, కడుపు నిండా అదే, ఎదురుగా ఇంకో పెద్ద కుప్ప, అది చూసుకుని తోటి పురుగులంటే దానికి చిన్నచూపు. సుష్టుగా తిన్నాను, రేపటికీ పిలుపొచ్చింది, బట్టలకీ మందులకీ లోటు లేదు, పాపం వీళ్లకేం దొరుకుతాయి అని మురిసిపోయే భిక్షువు అచ్చం ఆ పురుగే అన్నాడు బుద్ధుడు. రేపటికీ పిలుపొచ్చిందట!

పురుగు తరఫున ఒక్క మాట చెప్పాలి. అది తన పెంట తానే వెతుక్కుంది. పదివేలు కట్టి రసీదు తీసుకోలేదు.

మొదటి శాలువా ఒక రియల్ ఎస్టేటాయనకి. కప్పారు. ఫొటో రాలేదన్నాడు కెమెరా కుర్రాడు. తీసి మళ్లీ కప్పారు. ఈసారి అధ్యక్షులవారు కళ్లు మూశారు. తీశారు, కప్పారు. ఇంతలో బావమరిది వచ్చి నేనూ ఓ కొస పట్టుకుంటానన్నాడు, సరే దాతగారి భార్యని కూడా పైకి పిలవండన్నారు, ఆవిడకి చెప్పులు కనబడలేదు, అవి దొరికేదాకా నలుగురు ఆ శాలువాని పందిరిలా ఎత్తి పట్టుకుంటే ఆయన దాని కింద పెళ్లికొడుకులా నవ్వుతూ నిలబడ్డాడు. ఆవిడ వచ్చింది. కప్పారు. అయ్యో దండ మర్చిపోయాం అన్నారు. తీశారు.

ఇలాంటివి ఇంకా 17.

మగధ రాకుమారుడు అజాతశత్రువు పూటపూటా 500 రథాలతో, బుద్ధుడికి ఎదురుతిరిగిన భిక్షువు దేవదత్తుడి సేవకి వెళ్లేవాడట. అది విని బుద్ధుడు, కోపిష్టి కుక్క ముక్కు మీద పిత్తం చిదిమితే అది ఇంకా రెచ్చిపోదా, దేవదత్తుడికి ఈ సన్మానాలూ అంతే అన్నాడు. ఇదీ ఆ భాగంలోదే. ఇదంతా నాకు చెప్పింది ఒక రిటైర్డ్ మాస్టారు, వేదిక మీద కాదు, బస్టాండులో. ఆ సాయంత్రం అసలు వక్త ఆయనే. పాళీ చదువుకున్న మనిషి, రెండు బస్సులు మారి వచ్చి మూడు గంటలు ముందు వరసలో కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. తొమ్మిదింటికి మైకిచ్చి, "మాస్టారూ, రెండే నిమిషాలు, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు. సిగ్గు లేదూ? బుద్ధుడి పేరున చందాలు దండి, ఆయన మాట తెలిసిన ఒక్క మనిషినీ అన్నాలకి అడ్డమంటారా? డెబ్భై దాటిన ఆ పెద్దాయన "పర్లేదు నాయనా" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటుంటే వేదిక మీద ఒక్కడూ తలెత్తి చూడలేదు, అందరూ ఫోన్లలో తమ ఫొటోలు వెతుక్కుంటున్నారు.

నిన్న నిర్వాహకుడు ఫోన్ చేశాడు. వచ్చే ఏడు మీ పేరు అనుకుంటున్నామండీ, ఖర్చులకి పదివేలు అన్నాడు. మాస్టారికి బస్సు ఛార్జీలు ఇచ్చారా అని అడిగాను. సిగ్నల్ సరిగా లేదన్నాడు.